ఎనభై ఎనిమిది కమానులు

ఇనుప ఎద్దును గంటల గోపురం మీదికి ఎక్కించిన రోజునే మా వదిన కసిల్డా ఆ మాట అనేసింది.

జూలై ఇరవై ఐదు. ఏటా ఆ రోజున పురపాలక సంఘం వాళ్లు పెద్ద చౌకులో తమ భవనం నెత్తిన ఆ ఎద్దు బొమ్మను నిలబెడతారు. అది పైన కనబడిందంటే సెప్టెంబరు తిరునాళ్లు వస్తున్నాయని సలమాంకాలో పసిపిల్లలకు కూడా తెలుసు. తిరునాళ్లు అయిపోయాక దించేస్తారు. మా అమ్మాయి బెగోన్యా వాయదోలిద్ నుంచి వచ్చి ఉంది. కసిల్డాను చక్రాల కుర్చీలో చౌకు దాకా తోసుకొచ్చాం. గుంపు తలలెత్తి ఎద్దును చూస్తుంటే బెగోన్యా వంగి, ఆమె చెవి దగ్గర నన్‌ల ఆశ్రమం సంగతి మళ్లీ ఎత్తింది.

ఫిబ్రవరిలో తడి మెట్ల మీద జారి కసిల్డాకు తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది. మే నెలలో ఒక రోజు స్నానాల గదిలో ఆమెను లేపబోయి నేనూ పడ్డాను. పక్కింటివాళ్లు వచ్చి లేపేదాకా ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా, వంటింట్లో మాడుతున్న వెల్లుల్లి వాసన పీలుస్తూ, అరగంట సేపు గచ్చు మీద కూర్చున్నాం. ఆ వారమే బెగోన్యా తన ఊళ్లో నన్‌లు నడిపే వృద్ధాశ్రమంలో ఒక మంచం మాట్లాడింది. కిటికీలోంచి తోట కనబడుతుందట. సెప్టెంబరు పదో తేదీ దాకా ఆపి ఉంచుతారట. నా అభిప్రాయం అడిగితే "చూద్దాం" అన్నాను. ఆ మాటకు అర్థమేమిటో మా ముగ్గురికీ తెలుసు.

"నిన్ను వదిలించుకోవాలని కాదు పెద్దమ్మా. నాన్న నిన్ను ఎత్తలేడు. ఎత్తబోయి ఆయన పడితే నేను ఇద్దరినీ ఎత్తాలి" అంది బెగోన్యా.

"నన్నెవరు ఎత్తమన్నారు? నేనేమన్నా గోధుమ బస్తానా?"

"పెద్దమ్మా..."

"విను. సెప్టెంబరు ఎనిమిదిన, వేగా మాత పండుగ సాయంత్రం, ఈ చౌకు చుట్టూ, ఎనభై ఎనిమిది కమానుల కింద, ఒక నిండు చుట్టు తిరుగుతాను. చేతికర్ర తప్ప ఎవరి చెయ్యీ పట్టను. ఎక్కడా కూర్చోను. తిరిగానా, నా మంచం నాది. తిరగలేకపోయానా, నా పెట్టె నేనే సర్దుకుంటాను."

అప్పటికి ఆమె పడకగది నుంచి వంటింటికి రావడానికి గోడ పట్టుకుని రెండుసార్లు ఆగేది. బెగోన్యా నా వంక చూసింది. నేను ఎద్దు వంక చూశాను.

"సరే" అంది నా కూతురు. ఆ సరేలో జాలి ఉంది. కసిల్డా దాన్ని పట్టించుకోనట్టే ఉంది.

ఆమె మా ఇంటికి వచ్చిన మనిషి అనడం తప్పు. నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఉండే మూడో అంతస్తు ఇంట్లోకి, లెయోనోర్‌ను పెళ్లాడి, రెండు పెట్టెల పుస్తకాలతో దిగాను. ఉన్నత పాఠశాలలో భూగోళం చెప్పేవాణ్ణి. కసిల్డా నలభై ఏళ్లు విశ్వవిద్యాలయం పండితులకు నల్ల అంగీలు కుట్టింది. లెయోనోర్ పోయి రెండేళ్లు. ఆ తర్వాత ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమె రోజూ నా కప్పులో చక్కెర వేసి కలిపి పెట్టేది, లెయోనోర్ పెట్టినట్టే. నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. కొన్ని మేళ్లు పేరు పెడితే చెడిపోతాయి.

మర్నాడు సాయంత్రం ఏడున్నరకు చౌకులో చక్రాల కుర్చీ దిగి, గడియారం కింద నిలబడి ఆమె నాకు షరతులు చెప్పింది. పక్కన నడవకూడదు. వెనకాల కనిపెట్టుకుని రాకూడదు.

"మరి నేనెందుకు?"

"కావాలంటే మగాళ్ల దారిన రా."

మా కాలంలో ఈ చౌకులో కమానుల కింద ఆడవాళ్లు ఒక వైపుగా తిరిగేవాళ్లు, మగవాళ్లు ఎదురు వైపుగా తిరిగేవాళ్లు. నలభై ఏళ్లయింది ఆ పద్ధతి పోయి. ఇప్పటి పిల్లలు ఎటు పడితే అటు నడుస్తారు. అప్పట్లో అయితే పడుచువాళ్లు ఒకరినొకరు చూసుకోవడానికి అదే వీలు. ఎన్ని చుట్లు వేస్తే అన్నిసార్లు ఎదురుపడతారు. ఎదురైనప్పుడు ఒక మాట, మిగతా మాట మళ్లీ ఎదురైనప్పుడు. ఆడపిల్లతో కలిసి నడవాలంటే మగవాడు నిలబడి, వెనక్కి తిరిగి, ఆమె దారిలో కలవాలి. అలా తిరిగాడంటే నిశ్చయమైపోయినట్టే. మర్నాటికి ఊరంతా లగ్నం ఎప్పుడని అడిగేది.

అలా మొదలుపెట్టాం. ఆమె తన దారిన, నేను నా దారిన. నా నడక ఆమె నడకకు రెండింతలు. మొదటి రోజు నేను దాదాపు చుట్టంతా వేసి వచ్చేసరికి ఆమె పదకొండో కమాను దగ్గర స్తంభానికి ఆనుకుని ఉంది. ముఖం పాలిపోయింది.

"పదకొండు" అంది ఎదురవగానే.

పక్క కాఫీ హోటలు సేవకుడు మతియాస్ ఒక కుర్చీ పట్టుకొచ్చి స్తంభం పక్కన పెట్టి, బల్లలు తుడవడానికి వెళ్లిపోయాడు. ఆమెను కూర్చోమని కూడా అనలేదు. ఆమె కాసేపు చూసి కూర్చుంది.

మర్నాడు మేము వెళ్లేసరికి ఆ కుర్చీ పదమూడో స్తంభం దగ్గర ఉంది. ఆ వారం చివరికి పంతొమ్మిది దగ్గర. తర్వాత అది అతని హోటలు హద్దు దాటి పక్క దుకాణాల ముందుకు పోయింది. టోపీల దుకాణం వాడు ఆ కుర్చీ ఎవరిదని ఒకసారి అడిగితే, "దోన్యా కసిల్డాగారిది. ముందుకు పోయే కుర్చీ అది, వెనక్కి రాదు" అన్నాడట మతియాస్.

మాటల పద్ధతి కూడా ఆమె పాతదే పట్టింది. ఒకరోజు ఎదురవుతూ, "ఎవారిస్తో, పొయ్యి మీద శనగలు..." అని ఆపి, సాగిపోయింది. మూడో అంతస్తు తగలబడిపోతున్నట్టు ఊహించుకుంటూ మిగతా చుట్టంతా పరుగులాంటి నడక నడిచాను. కుర్చీ దగ్గర మళ్లీ కలిసినప్పుడు, "...పెట్టడమే మర్చిపోయాను. రాత్రికి రొట్టే, గుడ్డే" అంది. ఫిబ్రవరి తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

చౌకు మధ్యలో బల్ల దగ్గర రోజూ వచ్చి కూర్చునే నా పాత సహోద్యోగి ఫెర్మీన్ ఊరుకునే రకం కాదు. నేను దాటినప్పుడల్లా ఒక విసురు విసిరేవాడు. "గానుగెద్దుకైనా ఆదివారం సెలవుంటుంది ఎవారిస్తో" అనేవాడు. ఆ మాట కసిల్డాకు చెబితే, "ఎద్దు తిరిగితే నూనె వస్తుంది. ఆయన కూర్చుంటే ఏమొస్తుందో అడుగు" అంది. అడిగాను. ఆ రోజు ఫెర్మీన్ మా ఇద్దరికీ నిమ్మరసం పంపించాడు.

ఆగస్టు నడిమికి ఎండ ముదిరింది. సాయంత్రం ఎనిమిదైనా రాళ్లలోంచి పొయ్యి దగ్గర కూర్చున్నట్టు సెగ వచ్చేది. ఆమె ముప్ఫై ఎనిమిది దగ్గర నాలుగు రోజులు ఆగిపోయింది. అయిదో రోజు చేతికర్ర ఠక్ ఠక్‌మని కొడుతూ కుర్చీని దాటేసింది. నేను అవతలి వైపు నుంచి చుట్టి వచ్చేసరికి నలభై ఒకటో స్తంభం దగ్గర ఉంది. చెయ్యి స్తంభం మీద ఉంది. కాలు ముందుకు పడబోయి పడటం లేదు. తల కొంచెం ఊగుతున్నట్టు నాకనిపించింది.

స్నానాల గది గచ్చు గుర్తుకొచ్చింది. ఇంకేమీ ఆలోచించలేదు. ఎదురుగా వెళ్లి, ఆమె పక్కకు వచ్చి, వెనక్కి తిరిగి, ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని, ఆమె దారిన రెండు అడుగులు వేయించాను.

చౌకులోంచి ఫెర్మీన్ గొంతు వినబడింది. "ఇదుగో, తిరిగాడు! లగ్నమెప్పుడో చెప్పండి, కోటు ఇస్త్రీకి ఇవ్వాలి." పక్క బల్లల్లోని ముసలివాళ్లు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. తెలిసినవాళ్ల నవ్వే.

కసిల్డా చెయ్యి లాగేసుకుంది. "ఇంటికి" అంది.

మూడు రోజులు ఆమె బయటికి రాలేదు. కర్ర తలుపు వెనక వేలాడదీసింది. పెద్దమ్మ ఎలా ఉందని బెగోన్యా ఫోనులో అడిగితే ఎండలు ఎక్కువగా ఉన్నాయని చెప్పాను. పౌరుషం దెబ్బతిన్నదనుకున్నాను. ఆమె నడకను నేను నమ్మలేదని కోపం అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున వంటింట్లో బల్లకు చెరో వైపు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు క్షమించమని అడిగాను.

"దేనికి?"

"పడిపోతావని భయపడ్డాను."

"పడిపోయేదాన్ని కాదు. ఆగాను, అంతే."

ఒక కాయ ఒలిచింది. ఇంకో కాయ ఒలిచింది.

"నలభై నాలుగోది ఒక్కదాన్నే దాటాలనుకున్నాను. మూడు కమానుల ముందు నువ్వొచ్చి కలిశావు."

"నలభై నాలుగులో ఏముంది?"

ఆమె గింజల వంక చూస్తూనే చెప్పింది. "గడియారం దగ్గర మొదలుపెడితే, సగం."

ఇక్కడ మా ఇంట్లో యాభై మూడేళ్లుగా నడుస్తున్న ఒక హాస్యకథ చెప్పాలి. పెళ్లికి ముందు వేసవి అంతా నేను మగాళ్ల దారిన తిరుగుతూ, చేతులు పట్టుకుని ఎదురొచ్చే అక్కచెల్లెళ్లను చూసేవాణ్ణి. లెయోనోర్ ఎప్పుడూ చౌకు వైపు, కసిల్డా దుకాణాల వైపు నడిచేవాళ్లు. తిరిగే మగవాడు తనకు కావలసిన పిల్ల పక్కన చేరాలి. ఎవరి పక్కన చేరాడో వాళ్లే. ఒక సాయంత్రం గడియారం కింద, రెండు వారాలుగా కూడబెట్టుకున్న ధైర్యమంతా ఒక్కసారి ఖర్చుపెట్టి, తల దించుకుని తిరిగాను. చౌకు వైపు చేరాను. ఆ రోజు లెయోనోర్ దుకాణం అద్దంలోంచి ఏదో టోపీ చూడటానికి దుకాణాల వైపుకు మారిందని నాకు తెలియదు. చూసుకునేసరికి నా పక్కన కసిల్డా. అలాగే నడిచాను. చివరికి గడియారానికి సరిగ్గా ఎదుటి వైపున, "క్షమించండి" అని, వెనకనుంచి చుట్టి, లెయోనోర్ పక్కకు మారాను. ఈలోపే మా అత్తగారు కాఫీ బల్ల దగ్గర కూర్చుని చూసి, పెద్దదానికి సంబంధం కుదిరిందని పక్కావిడకు చెప్పేసింది కూడా.

ప్రతి క్రిస్మస్ విందులోనూ లెయోనోర్ ఈ కథ చెప్పేది. మేమందరం నవ్వేవాళ్లం. బెగోన్యా చిన్నప్పుడు మళ్లీ మళ్లీ చెప్పించుకునేది. నేను వెనకనుంచి చుట్టి మారే చోటికి కథ వచ్చేసరికి కసిల్డా సూపు చూసి వస్తానని వంటింట్లోకి వెళ్లేది. ప్రతి ఏడూ. పొయ్యి మీద సూపు ఉంటుంది గదా, చూడాలి గదా అనుకున్నాను. దేశాల సరిహద్దులన్నీ కంఠతా వచ్చిన మనిషిని.

ఆఖరి చిక్కుడుకాయ ఒలిచి గింజలు గిన్నెలో వేశాను.

"ఇవాళ వెళ్దామా?" అన్నాను.

"ఎండ తగ్గాక" అంది.

ఆ సాయంత్రం ఆమె నలభై నాలుగో కమాను దాటింది. నేను ఎదురయ్యేసరికి నలభై అయిదు దగ్గర కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటోంది. నేను నా దారిన సాగిపోయాను. ఈసారి ఆమె దారికి తిరగలేదు. ఫెర్మీన్ నోరు తెరవబోతే బల్ల మీద చెయ్యి వేసి, "వద్దు" అన్నాను. అతనూ ఇల్లాలిని పోగొట్టుకున్నవాడే. తెరిచిన నోట్లో ఆలివు కాయ వేసుకుని ఊరుకున్నాడు.

సెప్టెంబరు ఒకటికి అరవై ఆరు. అయిదుకు డెబ్భై నాలుగు, అదీ మధ్యలో రెండుసార్లు కూర్చుని. ఎనిమిదిలోపు నిండు చుట్టు ఒక్కసారి కూడా పూర్తి కాలేదు. ఏడో తేదీ రాత్రి భోజనాల దగ్గర, ఆశ్రమం వాళ్లు పదో తేదీలోగా మాట చెప్పమన్నారని పండుగకు వచ్చిన బెగోన్యా మెల్లగా చెప్పింది. కసిల్డా రొట్టె ముక్కతో కంచం తుడుచుకుంటూ, "ఎల్లుండి చెప్పు వాళ్లకి. రేపు పండుగ" అంది.

పండుగ సాయంత్రం చౌకు నిండిపోయింది. మధ్యలో పాటల వేదిక కట్టారు. అవతలి వైపు కమానులు ఇవతలికి కనబడవు. కసిల్డా నల్ల దుస్తులు వేసుకుంది, తను కుట్టుకున్నవే. గడియారం కింద బెగోన్యాను నిలబెట్టి, "ఇక్కడే ఉండు. వెంట రాకు" అంది. అలవాటుగా మతియాస్ కుర్చీ కోసం చూశాను. అన్ని కుర్చీలూ లోపల పెట్టేసి, తలుపుకు అడ్డంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడతను. ఆ వేసవిలో అతను చేసిన మేళ్లన్నిటిలోకీ అదే పెద్దది. చేస్తున్నప్పుడు అతని ముఖం మాత్రం బాగా లేదు.

ఆమె తన దారిన, నేను నా దారిన.

మొదటిసారి ఎదురైనప్పుడు ఆమె ముప్ఫై దగ్గరలో ఉంది. కర్ర చప్పుడు సమంగా పడుతోంది. "జనం ఎక్కువ" అంది. నేను తల ఊపాను.

రెండోసారి ఎదురైంది యాభై ఎనిమిదో స్తంభం దగ్గర. ఆమె ఆగి ఉంది. కర్ర రెండు చేతులతో పట్టుకుంది. పై పెదవి మీద చెమట. కాలు వణుకుతుంటే దుస్తుల అంచు కదులుతోంది. జనం ఆమెను రాసుకుంటూ పోతున్నారు. ఒక అమ్మాయి ఆగి, సాయం కావాలా అని అడిగింది. కసిల్డా వద్దని తల అడ్డంగా ఊపింది.

నేను ఆమెకు ఎదురుగా నిలబడ్డాను. నా చెయ్యి దానంతట అదే లేచింది.

"ఎవారిస్తో" అంది. "నువ్వు తిరిగావా, ఈ చుట్టు లెక్కలోకి రాదు. నీ దారిన నువ్వు పో."

పోయాను. డెబ్భై ఏడేళ్లలో అంత కష్టమైన పని చేసిన గుర్తు లేదు. లెయోనోర్ మంచం పక్కన కూర్చోవడం కూడా ఇంతకంటే తేలిక, అక్కడ చెయ్యి పట్టుకోనిచ్చారు. వెనక్కి చూడకుండా నడిచాను. నాకు యాభై ఎనిమిది మిగిలాయి, ఆమెకు ముప్ఫై. వేదిక మీద బాజాలు మొదలయ్యాయి. ఇక కర్ర చప్పుడు విందామన్నా వినబడదు. స్తంభాలు లెక్కపెడుతూ నడిచాను. తప్పిపోతే మళ్లీ వెనక్కి వెళ్లి లెక్కపెట్టుకున్నాను.

గడియారం కిందికి నేనే ముందు చేరాను. బెగోన్యా మునివేళ్ల మీద లేచి కమానుల కిందికి చూస్తోంది. నన్ను చూసి, "ఏది?" అంది. "వస్తుంది" అన్నాను. ఎంతసేపైనా రాలేదు. బెగోన్యా ఒక అడుగు ముందుకేసింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

"నాన్నా, పడిపోయిందేమో."

"ఆగి ఉంటుంది. అంతే."

పాట ఒకటి ముగిసింది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు సద్దుమణిగాక, ఇంకో పాట అందుకోక ముందు, కర్ర చప్పుడు వినబడింది. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. జనంలోంచి ముందు కర్ర వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది. ఎవరినీ చూడలేదు. చివరి స్తంభం దాటి, గడియారం కిందికి వచ్చి, తల పైకెత్తి టైము చూసింది.

"ఎనిమిదింబావు. సూపు చల్లారిపోయి ఉంటుంది" అంది.

బెగోన్యా ఏడ్చింది. కసిల్డా అప్పుడు మాత్రం ఆమె భుజం మీద చెయ్యి వేసి, బరువంతా మోపింది. మర్నాడు పొద్దున్నే నా కూతురు నన్‌లకు ఫోను చేసి, ఆ మంచం ఇంకెవరికైనా ఇమ్మని చెప్పింది. తర్వాత స్నానాల గదిలో గోడకు రెండు ఇనుప పిడులు బిగించడానికి మనిషిని పిలిచింది. మే నెలలోనే చేయాల్సిన పని. ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

తిరునాళ్లు అయిపోయాక ఎద్దును దించే రోజు వచ్చింది. చూడటానికి పెద్దగా ఎవరూ రారు దానికి. మేమిద్దరం వెళ్లాం. ఇద్దరు మనుషులు తాళ్లతో బొమ్మను దించి, దుప్పటి కప్పి, లోపలికి మోసుకుపోయారు. గాలి చల్లబడింది. ఫెర్మీన్ బల్ల దగ్గర కోటు వేసుకుని కూర్చున్నాడు.

గడియారం కింద నేను ఎప్పటిలాగే నా దారికి మళ్లబోయాను.

"ఇవాళ ఇటు రా" అంది కసిల్డా.

నేను నిలబడిపోయాను. ఆమె నా వంక చూడలేదు, కర్రను ఎడమ చేతి నుంచి కుడి చేతికి మార్చుకుంది. చౌకు వైపు చెయ్యి ఖాళీ అయింది. వెనక్కి తిరిగి వెళ్లి ఆ పక్కన చేరాను. నా మోచేతి మీద ఆమె చెయ్యి వేసింది. ఫెర్మీన్ మమ్మల్ని చూశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

నెమ్మదిగా నడిచాం, ఆమె నడకతో. టోపీల దుకాణం దాటాం. మతియాస్ కుర్చీ దాటాం, అది తన చోట తాను ఖాళీగా ఉంది. గడియారానికి సరిగ్గా ఎదుటి వైపుకు వచ్చేసరికి నా అడుగు దానంతట అదే మందగించింది.

ఆమె చెయ్యి నా మోచేతిని కొంచెం గట్టిగా పట్టుకుంది.

"నడువు ఎవారిస్తో," అంది. "ఇంకా నలభై నాలుగు ఉన్నాయి."